కట్టని రోడ్డు, పారేసిన పలక



ఆస్ట్రేలియా తూర్పు తీరంలో, బ్రిస్బేన్ నగరానికి ఉత్తరంగా సుమారు 140 కిలోమీటర్ల దూరాన నూసా అని ఒక చిన్న ఊరుంది. మార్చి వచ్చిందంటే ఆ ఊరి ఒడ్డున అలల పండుగ జరుగుతుంది. దాని పేరు నూసా ఫెస్టివల్ ఆఫ్ సర్ఫింగ్. తొమ్మిది అడుగులూ ఆ పైనా పొడవుండే పలకలు చంకన పెట్టుకుని దేశదేశాలవాళ్లు దిగుతారు. వీటినే లాంగ్‌బోర్డులంటారు. పిల్లలకో విభాగం, తల నెరిసినవాళ్లకో విభాగం, ఒకే పలక మీద జంటగా నిలబడేవాళ్లకో విభాగం ఉంటాయి. ఆఖరికి యజమానితో పాటు పలకెక్కే కుక్కలకి కూడా ఒక పూట కేటాయిస్తారు. 1992లో నూసా మాలిబు క్లబ్ అనే స్థానిక బృందం తమలో తాము పెట్టుకున్న పోటీ ఇది. చూస్తుండగా పెరిగి, సర్ఫింగ్ లోకంలో అందరికీ తెలిసిన జాతర అయింది. మామూలుగా దీని చరిత్ర ఇలాగే చెబుతారు: ఫలానా ఏడు మొదలైంది, ఫలానావాళ్లు గెలిచారు, ఏటేటా జనం పెరిగారు. అది తప్పని అనను గానీ, సగం కథేనంటాను. ఈ పండుగ వెనక రెండు మొండితనాలున్నాయి. ఊరి కొండ చుట్టూ రోడ్డు వెయ్యనివ్వబోమని కూర్చున్నవాళ్ల మొండితనం ఒకటి. లోకమంతా అవతల పారేసిన పలకని వదలనివాళ్ల మొండితనం రెండోది. ఈ రెండూ 1992కి ముందువే. ఒకదాని సంగతి ఇంకొకదానికి పెద్దగా తెలియదు కూడా. అయినా ఈ రెంటిలో ఏది లేకపోయినా ఆ పండుగ లేదు.

ముందు పలక సంగతి చూద్దాం. హవాయి నుంచి వచ్చిన ఈతగాడు డ్యూక్ కహనమోకు 1914 చివరా 1915 మొదట్లోనూ సిడ్నీ దగ్గర ఫ్రెష్‌వాటర్ ఒడ్డున, అక్కడే దొరికిన పైన్ చెక్కతో పలక చెక్కుకుని అలల మీద నిలబడి చూపించాడు. ఆస్ట్రేలియాలో సర్ఫింగ్‌కి అది పెద్ద మలుపు. తర్వాత నాలుగు దశాబ్దాలు అక్కడివాళ్లు చెక్క పలకలే వాడారు, 1930ల నుంచి పదహారడుగుల దాకా పొడవున్న బోలు పలకలు. అవి తిన్నగా ఒడ్డుకి కొట్టుకొచ్చేవి, ఎటూ తిరిగేవి కావు. మన ఉత్తరాంధ్ర తెప్ప కెరటమెక్కి ఒడ్డుకి రావడాన్ని చూసినవాళ్లు ఆ కదలికని ఊహించుకోగలరు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సందర్భంగా వచ్చిన అమెరికా లైఫ్‌గార్డులు బాల్సా కలపతో చేసి పైన ఫైబర్‌గ్లాస్ పూసిన చిన్న పలకలు తెచ్చారు. చిన్నవంటే ఇప్పటి లెక్కలో పెద్దవే, పదడుగులకి కాస్త అటూ ఇటూ. అవి మలుపు తిరిగాయి, అలకి అడ్డంగా పరిగెత్తాయి. చూసినవాళ్లకి మతిపోయింది. కాలిఫోర్నియాలోని మాలిబు అల మీద రూపు దిద్దుకున్న పలకలు కాబట్టి ఆస్ట్రేలియాలో వాటికి మాలిబు అనే పేరు స్థిరపడింది. ఇప్పటికీ అక్కడివాళ్లు లాంగ్‌బోర్డుని ముద్దుగా ‘మాల్’ అంటారు. ఒక అల పేరు ఒక పలకకి రావడాన్ని మనసులో ఉంచుకోండి. పలకని అల నుంచి విడదీసి చూడలేమనడానికి ఇంతకంటే తేలికైన సాక్ష్యం లేదు.

ఆ పలక మీద చేసే పనుల్లో గొప్పది ముక్కు దాకా నడవడం. అల అందుకున్న మనిషి మొదట వెనకభాగాన నిలబడి పలకని పక్కకి తిప్పుతాడు. అల గోడలా లేచి ముందుకి సాగుతుంటే ఒక కాలి ముందుకి ఇంకో కాలు వేస్తూ, పిల్లి నడిచినట్టు, పలక కొసకి వెళ్తాడు. రెండు పాదాల పది వేళ్లూ ముక్కు అంచు దాటి గాల్లో ఉండాలి. మనిషి బరువంతా ముందు కొసన ఉంటే పలక మునిగి బోల్తా కొట్టాలి కదా? కొట్టదు. వెనకభాగం మీదుగా విరిగే నీరు దాన్ని అదిమిపెట్టి ఉంచుతుంది. తక్కెడలో ఒక పళ్లెంలో మనిషి, ఇంకో పళ్లెంలో సముద్రం. ఆ తూకం కుదిరిన నాలుగైదు క్షణాలు మనిషి ఏమీ చేస్తున్నట్టుండదు. ఊరికే నిలబడి ఉంటాడు, వీపు కాస్త వెనక్కి వంచి. ఆ ఏమీ చెయ్యకపోవడంలోనే పనితనం ఉంది. 1965లో కాలిఫోర్నియాలోని వెంచూరాలో టామ్ మోరీ అనే ఆయన ఇదొక్కటే కొలిచే పోటీ పెట్టాడు. పలక ముందు నాలుగో వంతు మీద ఎవరు ఎక్కువ సేపు నిలిస్తే వాళ్లదే గెలుపు, చేతికి రొక్కం. గడియారాలు పట్టుకుని కొలిచారు. అప్పటికి ఈ విద్య శిఖరం మీద ఉంది. శిఖరం మీద ఉన్నదానికి దిగడం తప్ప దారేముంది?

దిగడం కూడా మెల్లగా జరగలేదు. 1966లో శాన్ డియేగోలో జరిగిన ప్రపంచ పోటీలో ముక్కు మీద నిలబడడంలో ఆరితేరిన అమెరికన్లని పక్కకి నెట్టి ఆస్ట్రేలియా కుర్రాడు నాట్ యంగ్ గెలిచాడు. నిలబడి ఉండడం మానేసి అల మీద కింద నుంచి పైకి, పై నుంచి కిందికి కోసుకుంటూ తిరిగాడు. ఆ వెంటనే బాబ్ మెక్‌టావిష్ లాంటి తయారీదారులు పలకని ఏడాదికింత చొప్పున కురచ చేస్తూ పోయారు. 1970 వచ్చేసరికి ఏడడుగుల లోపుకి దిగింది. నాలుగేళ్ల కిందటి పలక పట్టుకుని నీళ్లలోకి వెళ్తే నవ్వే రోజులొచ్చాయి. పాత పలకల్ని షెడ్లలో పడేశారు, కొందరు వాటి పైపూత ఒలిచి లోపలి ఫోముతో చిన్న పలకలు చెక్కుకున్నారు. నన్ను ఆకట్టుకునే విషయం ఇక్కడే ఉంది. మెక్‌టావిష్, యంగ్, వాళ్లతో కలిసి తిరిగిన అమెరికన్ జార్జ్ గ్రీనో ఈ కొత్త ఆలోచనలకి పదును పెట్టుకున్న చోట్లలో నూసా ఒకటి. మెక్‌టావిష్ ఆ రోజుల్లో పక్కనే అలెగ్జాండ్రా హెడ్‌ల్యాండ్‌లో పలకలు చేసే షెడ్డులో పనిచేశాడు. అంటే లాంగ్‌బోర్డుకి పాడె కట్టిన ఊళ్లలోనే పాతికేళ్ల తర్వాత దానికి పట్టాభిషేకం జరిగింది. ఇంకా విచిత్రమేమంటే ఆ పాడె మోసినవాళ్లే తిరిగొచ్చారు. 1980లలో లాంగ్‌బోర్డుకి మళ్లీ ప్రపంచ పోటీలు పెడితే 1986లో మొదలుపెట్టి 1990 దాకా నాలుగుసార్లు గెలిచింది నాట్ యంగే. మెక్‌టావిష్ కూడా లాంగ్‌బోర్డులు చెయ్యడానికి తిరిగొచ్చాడు.

దీన్నిబట్టి ఒక ఆక్షేపణ వెంటనే వస్తుంది. కుర్రతనంలో ఒకటి పారేసి, నడుం నొప్పులు మొదలయ్యాక దానికోసం వెతుక్కునే నడివయసు బెంగే కదా ఇదంతా? పొడుగు పలక మీద తేలడం తేలిక, పొట్ట పెరిగినవాళ్లకి సుఖం, దానికి పండుగ అని పేరు పెట్టారు, అంతే కదా? ఈ మాటలో కొంత నిజముంది. 1980లలో తిరిగొచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ వయసువాళ్లే. తేలడం తేలికన్నదీ నిజమే. కానీ తేలడం వేరు, నడవడం వేరు. బెంగ మీద బతికే విద్య బెంగపడేవాళ్లతోనే పోతుంది. ఇది పోలేదు. నూసాలో పుట్టుకొచ్చిన తరువాతి తరాన్ని చూడండి. ఆ ఊరి జోష్ కాన్‌స్టబుల్ 2006లో ప్రపంచ లాంగ్‌బోర్డు విజేత అయ్యాడు. అదే తీరాన పెరిగిన హారిసన్ రోచ్ 2022లో ఆ పట్టం గెలిచాడు. 1960ల చివర లాంగ్‌బోర్డు ఓడిపోయిన నాటికి వీళ్లిద్దరూ పుట్టనే లేదు. పుట్టకముందు పోయినదాని మీద ఎవరికీ బెంగ ఉండదు. వాళ్లకది కళ్లముందున్న విద్య, పక్కింటి పెద్దాయన చేస్తుండగా చూసి నేర్చుకోగలిగిన విద్య. ఈ ఊరి లాంగ్‌బోర్డువాళ్లు పాత పలకలకి విడిగా పోటీ పెట్టి చేసిన మేలు అదే. పన్నెండు, పదిహేను కిలోల బరువుండే అలాంటి పలకని కాలికి తాడు లేకుండా నడిపించాలి. పడ్డావా, పలక ఒడ్డుకి పోతుంది, నువ్వు ఈదుకుంటూ వెనకాల పోవాలి. పడకుండా ఉండడం అలా అలవడుతుంది. ఒలింపిక్స్‌లో టోక్యోకి వచ్చిన సర్ఫింగైనా పారిస్ తరఫున తాహితీలో జరిగినదైనా చిన్న పలకలదే. లాంగ్‌బోర్డుకి అక్కడ చోటు లేదు. 2019 లీమా పాన్ అమెరికన్ క్రీడల్లాంటి చోట్ల దొరికింది గానీ, పెద్ద పీట ఇంకా దక్కలేదు. అలాంటి విద్యని బతికించేది పతకాల పట్టిక కాదు, ఏటా ఒక చోట కలుసుకోవడం.

ఇక ఆ చోటు సంగతి. నూసాలో అల ఎలా పుడుతుందో చూస్తే రోడ్డు గొడవ అర్థమవుతుంది. ఆ తీరంలో ఒక కొండకొమ్ము సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని ఉత్తరపు పక్కన లగూనా బే అనే అఖాతం, అఖాతం ఒడిలో ఊరు. వేసవి చివర కోరల్ సముద్రంలో వాయుగుండాలు లేస్తాయి. అక్కడ వేసవి అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాబట్టి, మార్చికి సముద్రం ఇంకా కదులుతూనే ఉంటుంది. ఎక్కడో వందల మైళ్ల అవతల రేగిన పోటు ఆగ్నేయం నుంచి వచ్చి, కొండకొమ్ము తగిలి వంగి, దాని పక్కనే ఒరుసుకుంటూ లోపలికి తిరుగుతుంది. తిరిగేటప్పుడు బలం కొంత తగ్గుతుంది, తీరు వస్తుంది. ఒక్కసారిగా కూలకుండా ఒక కొస నుంచి ఇంకో కొసకి, చాప విప్పినట్టు, వరసగా విరుగుతుంది. అదే సమయానికి వీచే ఆగ్నేయపు గాలిని కొండ అడ్డుకుంటుంది, మిగిలింది నేల మీంచి నీళ్లవైపు పోతుంది, నీరు నున్నగా ఉంటుంది. గ్రానైట్ బే, టీ ట్రీ బే, బాయిలింగ్ పాట్, నేషనల్ పార్క్, జాన్సన్స్, లిటిల్ కోవ్, ఫస్ట్ పాయింట్ అంటూ బయటి నుంచి లోపలికి ఒకదాని పక్కన ఒకటి అలలు విరిగే చోట్లు. లోపలికి వచ్చేకొద్దీ అల చిన్నదవుతుంది, సాగుడు పెరుగుతుంది. చిన్న పలకకి అలాంటి మెత్తటి అల చాలదు. పెద్ద పలకకి అది కొలిచి కుట్టించిన చొక్కా.

ఈ అల రాతి మీద విరుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి దాని అడుగున పరుచుకున్నది ఇసుక. ఆ తీరం వెంబడి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. దక్షిణాన క్వీన్స్‌లాండ్ సరిహద్దులో ట్వీడ్ నది దగ్గర ఆ నడక ఏడాదికి సుమారు 5 లక్షల ఘనపు మీటర్లని లెక్క కట్టారు. దానికి అడ్డం పడితే ఏమవుతుందో కూడా అక్కడే తెలిసింది. పడవలకి దారి బాగుండాలని 1962 నుంచి 1965 దాకా ట్వీడ్ నదీముఖం గోడల్ని సముద్రంలోకి పొడిగించారు. ఇసుక గోడల వెనక ఆగిపోయింది. ఉత్తరాన ఉన్న కిర్రా ఒడ్డు కోసుకుపోయింది, చివరికి 2001 నుంచి పంపులు పెట్టి ఇసుకని నది దాటిస్తున్నారు. పంపులు మరీ బాగా పనిచెయ్యడంతో ఇసుక మేట వేసి ఒకచోట కొత్త పొడుగు అల పుట్టింది, ఇంకోచోట పేరున్న కిర్రా అల కొన్నేళ్లు పూడిపోయింది. విశాఖలో హార్బరు గోడల తర్వాత ఆర్‌కే బీచ్ కోతకి గురవడం, పోర్టువాళ్లు తవ్విన ఇసుకని తెచ్చి ఒడ్డున పోయడం తెలిసినవాళ్లకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. అల ప్రకృతి ఇచ్చిందే, కానీ మనిషి ఒక్క గోడతో చెరపగలిగేంత పలచన.

ట్వీడ్ గోడల పని మొదలైన ఆ 1962లోనే నూసాలో ఇంకో పని మొదలైంది. కొండకొమ్ము చుట్టూ సముద్రం అంచున రోడ్డు వెయ్యాలని స్థానిక పాలకులు తలపెట్టారు. కారులో కూర్చుని సముద్రం చూడవచ్చు, పర్యాటకులొస్తారు, ఊరు బాగుపడుతుంది. ఇది దుర్మార్గమైన ఆలోచనేమీ కాదు. ఆ రోజుల్లో ఏ ఊరైనా అలాగే ఆలోచించేది, ఇప్పుడూ ఆలోచిస్తోంది. ఆ కొమ్ము 1939 నుంచి జాతీయ పార్కే అయినా పార్కు అన్న మాట రోడ్డుని ఆపేంత గట్టిది కాదు. ఆర్థర్ హారల్డ్ అనే ఆయనా కొందరు మిత్రులూ కలిసి నూసా పార్క్స్ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టుకుని అడ్డుపడ్డారు. రోడ్డు రాలేదు. ఆ సంఘం అక్కడితో ఇంటికి పోలేదు, పార్కు హద్దులు పెంచమని దశాబ్దాల పాటు వెంటపడింది. ఉత్తరాన కూలూలా ఇసుక కొండల్ని గనుల కోసం తవ్వనివ్వకూడదని పోరాడింది. 1975లో అదీ జాతీయ పార్కయింది.

వాళ్లలో ఎక్కువమంది సర్ఫర్లు కారు, పూల మొక్కలూ పక్షులూ పట్టించుకునేవాళ్లు. కాబట్టి ఎవరైనా అడగవచ్చు: వాళ్లు రోడ్డు ఆపితే పండుగ వచ్చిందనడం, కాకి వాలితే తాటిపండు పడిందనడం లాంటిది కాదా? పైగా మాలిబులో, అంటే ఈ పలకకి పేరిచ్చిన చోటే, అల పక్కనే పెద్ద హైవే పోతుంది, అల ఇప్పటికీ విరుగుతోంది. ఇది గట్టి ప్రశ్నే. రోడ్డు పడిన మర్నాడే అల చచ్చిపోతుందని నేను అనడం లేదు. సముద్రం అంచున రోడ్డు వేస్తే దాన్ని సముద్రం నుంచి కాపాడాలి. కాపాడడానికి రాళ్లగోడ కావాలి. రోడ్డు వెంట ఇళ్లొస్తాయి, వాటికి ఇంకో గోడ. గోడకి కొట్టిన అల ఇసుకని వెనక్కి లాక్కుపోతుంది. ఇదంతా ఊహ అనుకుంటే నూసాలోనే కట్టిన పక్కనీ కట్టని పక్కనీ పోల్చి చూడండి. ఊరి మెయిన్ బీచ్, అంటే హేస్టింగ్స్ వీధి హోటళ్ల ముందున్న ఒడ్డు, కట్టిన పక్క. అక్కడ రాళ్లగోడ పెట్టారు, 1970ల చివర్లో ఏకంగా నదీముఖాన్నే ఉత్తరానికి జరిపారు, అయినా తుపాను వస్తే ఇసుక పోయేది, ఇప్పుడు గొట్టాలతో పంపు చేసి పోస్తున్నారు. ఆ పక్కనే ఫస్ట్ పాయింట్. కొండ చుట్టూ మిగతా అఖాతాల్లో పంపు లేదు, గోడ లేదు. ఇసుక వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది, ఎవరూ బిల్లు కట్టరు. మాలిబులో అల మిగిలిన మాట నిజం, దాని పక్కన మడుగు నుంచి వచ్చే మురికినీళ్ల మీద ఏళ్లతరబడి తగువులాడుకున్న మాట కూడా అంతే నిజం.

ఇంకో ఆక్షేపణ పండుగ మీదే. కాపాడిన చోటికి జనాన్ని పిలిచి తొక్కించడం ఏం కాపాడడం? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పండుగ రోజుల్లో పోటీ కోసం మంచి చోటుని కేటాయించుకుంటారు, మామూలు రోజున ఆ అల మీద హక్కున్న స్థానికుడు పక్కకి తప్పుకోవాలి. మిగతా ఏడాదంతా కూడా ఫస్ట్ పాయింట్‌లో ఒక అలకి పదిమంది ఎగబడడం రివాజే. 2020 ఫిబ్రవరిలో నూసా తీరాన్ని వరల్డ్ సర్ఫింగ్ రిజర్వుగా ప్రకటించారు. 2010లో మాలిబుతో మొదలైన ఆ వరసలో ఇది పదోది. గౌరవమే, కానీ చట్టం బలం లేని బిరుదు. దానివల్ల ఎవరినీ ఆపలేరు, ఇంకా నలుగురికి దారి తెలుస్తుంది. అయినా ఒకటి గమనించాలి. బిరుదు కోసం అర్జీ పెట్టడానికి అల విలువని లెక్కలతో, పత్రాలతో చెప్పగలిగేవాళ్లు కావాలి. 1962లో నూసాలో సర్ఫర్ల మాట ఎవరూ అడగలేదు. 2020 నాటికి పార్క్ సంఘమూ అలల సంఘాలూ ఒకే బల్ల చుట్టూ కూర్చోగలిగాయి. ఏటా వేలమందిని ఒకచోట చేర్చే పండుగ లేకుండా సర్ఫర్లకి ఆ పలుకుబడి వచ్చి ఉండేదని నేననుకోను.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది. కట్టకుండా ఉంచినది ఎవరి కోసం? ఇళ్లు చెట్ల ఎత్తు దాటకూడదన్న పట్టుదల నూసాది. 1990లలో జనాభాకే 56,500 అని ఒక హద్దు గీసుకున్నారు. ప్రభుత్వం 2008లో పక్క ప్రాంతాలతో కలిపేస్తే ఒప్పుకోక, 2013 ఓటింగులో 81 శాతం మంది విడిపోదామన్నారు, 2014 జనవరి 1న విడిపోయారు. కొత్తగా కట్టేది తక్కువ, వద్దామనుకునేవాళ్లు ఎక్కువ. ఇక ధరలు ఎటు పోతాయో వేరే చెప్పాలా? హోటల్లో గిన్నెలు కడిగే కుర్రాడికి ఆ అల పక్కన అద్దె ఇల్లు దొరకదు. 1960లలో మెక్‌టావిష్ లాంటివాళ్లు చేతిలో డబ్బు లేకుండా అక్కడ గడిపేశారు. ఇవాళ అలాంటివాడొకడు వచ్చి ఉండగలడా? పండుగ నిర్వాహకులు దీన్ని పరిష్కరించలేరు. వాళ్లని తప్పుపట్టడం లేదు. కానీ రోడ్డు ఆపినందుకు చెల్లించిన ధరలో ఇదీ ఒకటని ఒప్పుకోకపోతే మన వాదన ఒంటికాలి మీద నిలబడ్డట్టే. అంతకన్నా పాత లెక్క ఇంకోటుంది. సర్ఫర్లకీ పార్కుకీ ఎంతో ముందు ఆ తీరం కాబీ కాబీ ప్రజలది. వాళ్లకి ఆ నేల మీద హక్కులున్నాయని ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2024 జూన్‌లో తీర్పు చెప్పింది. అంటే అక్కడ పండుగ మొదలైన ముప్ఫై రెండేళ్లకి.

ఇప్పటికీ ఊళ్లోంచి కొండవైపు పోయే తారురోడ్డు పార్కు ముంగిట ఒక చిన్న కార్ల స్థలం దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కాలిదారే, పండానస్ చెట్ల నీడన, కింద రాళ్లూ నీళ్లూ కనిపిస్తూ. ఎవరో ఒకరు తల పైకెత్తి కొమ్మల్లో కోలాని వెతుకుతుంటారు. టీ ట్రీ బేలో అల బాగుందని కబురొస్తే తొమ్మిదడుగుల పలకని చంకనెత్తుకుని, ఎదురొచ్చేవాళ్లకి తగలకుండా పక్కకి తిప్పుకుంటూ, ఆ దారంతా నడవాలి. సగం దూరంలో చెయ్యి మార్చుకుంటారు.